మా తోడికోడలు అడిగిన మాట

పోయిన నెల ఎడమ కంట్లో శుక్లం తీయించుకోవడానికి కర్నూలులో ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషనుకు ముందు రక్తం తీసుకోవాలని ఒక అమ్మాయి వచ్చింది. మా మనవరాలి ఈడు ఉంటుందేమో, చెవులకు పెద్ద రింగులు, చేతిలో సూది. నరం దొరక్క ఒకటికి రెండుసార్లు గుచ్చి, నా నరాలు శానా సిగ్గుపడతాండాయని తప్పు నా మీదే వేసింది. ఇంత రక్తం దేనికమ్మా అని అడిగితే షుగరుకు, కామెర్లకు, ఎయిడ్సుకు అని వేళ్ళు మడిచి చెప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నవ్వి, "అందరికీ చేస్తామవ్వా. భయపడాకు, అదిప్పుడు ఒక లెక్క కాదు" అని దూది అదిమి, నా మోచెయ్యి మడిచిపెట్టి పక్క మంచానికి పోయింది. వరండాలో అంతమంది కూర్చుని ఉండగా, ఉప్పు పప్పు అన్నంత తేలిగ్గా, గొంతు కూడా తగ్గించకుండా ఆ మాట అనేసింది. మా ఇంట్లో ఆ మాటను ఎవరూ పైకి అనలేదు. ఇద్దరు మనుషులు దానితోనే పోయినా అనలేదు. మోచెయ్యి మడుచుకుని కూర్చున్న ఆ కాసేపట్లో నాకు మా తోడికోడలు గుర్తుకొచ్చింది.

మా అత్తగారి ఊరు పత్తికొండకు దగ్గర. ఆ ఇంటికి ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ఆమె పుట్టిల్లు కడప జిల్లాలో వేంపల్లె వైపు. నాది కర్నూలు టౌను, పైగా బళ్ళో టీచరు ఉద్యోగం. ఆమెను అక్కా అని పిలిచేదాన్నే కానీ మా మధ్య అక్కాచెల్లెళ్ళ వ్యవహారం ఏమీ ఉండేది కాదు. సెలవులకు మేము ఊరికి పోయినప్పుడల్లా వంటింట్లో నా చేతి పని ఆమెకు నచ్చేది కాదు. నేను తోమిన చెంబును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, "సదువుకున్నోళ్ళు తోమితే చెంబు గూడా ఇంగ్లీషులో ఏడుస్తాది" అని మళ్ళీ చింతపండు పెట్టి తోముకునేది. నాకు ఒళ్ళు మండేది. అయితే ఆమెను ఏడిపించే మనిషి ఇంకొకరు ఇంట్లో ఉన్నారు గనక నా కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు. మా అత్తది జొన్నరొట్టె ఇల్లు. అక్క రాగిసంగటి తిని పెరిగిన మనిషి. పెళ్ళయి ఎన్నేళ్ళయినా రొట్టె పలచగా తట్టడం ఆమెకు చేత కాలేదు. సంగటి కెలుకుతానంటే, అది కూలోళ్ళ తిండి, నా పొయ్యి మీద వద్దు అనేది మా అత్త. అట్లా ఒక ముద్ద సంగటి కోసం అక్క తన పుట్టింటి దాకా పోవలసి వచ్చేది.

మా బావ, అంటే అక్క భర్త, టమోటా మండీ నడిపేవాడు. నిలువెత్తు మనిషి. గంజి పెట్టిన తెల్లబట్టలు తప్ప ఇంకోటి కట్టేవాడు కాదు. ఆ బట్టలు ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం అన్నీ అక్కే. చాకలికి ఇస్తే మడత చెడగొడతాడని ఆమె పట్టుదల. సరుకు వెంబడి మద్రాసుకని, బెంగుళూరుకని బావ నెలలో సగం రోజులు బయటే ఉండేవాడు. వచ్చేటప్పుడు అందరికీ ఏదో ఒకటి తెచ్చేవాడు, నా పిల్లలకైతే మరీ ఎక్కువ. వాళ్ళకు పిల్లలు లేరు. దానికి కారణం అక్కేనని ఇంట్లో అందరూ తీర్మానం చేసేశారు. మా అత్త ఆమెను ఏటేటా మహానందికి తీసుకుపోయి, చలికాలంలో తెల్లవారుజామున ఆ కోనేటి నీళ్ళలో ముంచి తడిబట్టలతో ప్రదక్షిణలు చేయించేది. ఆ నీళ్ళు అద్దంలాగా ఉంటాయి, అడుగున పడిన రూపాయి బిళ్ళ కూడా కనిపిస్తుంది. ఎంత స్వచ్ఛమైన నీళ్ళయినా చేయలేని పని చేయలేవు కదా.

తర్వాత బావకు జ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. మనిషి సగమయ్యాడు, నోటినిండా పూత. కర్నూలులో డాక్టరు మా ఆయన్ని లోపలికి పిలిచి చెప్పాడు. మా ఆయన బయటికొచ్చి, చెట్టు కింద నిలబడి, ఎంతసేపటికీ నాకు ఆ మాట చెప్పలేకపోయాడు. అప్పటికి దానికి మందు ఉందని పెద్ద పెద్ద ఊళ్ళలో అనుకునేవాళ్ళట, దాని ఖరీదు వింటేనే మనిషి చచ్చేవాడు. ఇంట్లో పెట్టుకుంటే ఊరికి తెలుస్తుంది. తెలిస్తే మండీ మూతపడుతుంది, మా ఆడబిడ్డ కూతురి సంబంధం చెడుతుంది. ఇట్లాంటి రోగులను కడప వైపు ఎవరో సిస్టర్లు చేరదీస్తారని డాక్టరే దారి చూపించాడు. పెద్దకొడుక్కు కిడ్నీలు చెడిపోయి బెంగుళూరులో చూపిస్తున్నామని ఊళ్ళో చెప్పి, బావను అక్కడ చేర్చి వచ్చారు.

కొన్ని నెలలకు అక్కకూ జ్వరం వచ్చింది. ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేకపోయింది. కానీ మా అత్త లెక్క వేరే విధంగా వేసింది. ఈ పాడురోగం కోడలే పుట్టింటి నుంచి తెచ్చిందని, పిల్లలు పుట్టకపోవడానికీ అదే కారణమని, బంగారంలాంటి కొడుక్కు అంటించిందని దగ్గరి చుట్టాల చెవిలో వేయడం మొదలుపెట్టింది. వాళ్ళు వాళ్ళ దగ్గరివాళ్ళ చెవిలో వేశారు. నేను ఒకసారి ఎదురుచెప్పబోతే, "నువ్వు చూసినావా?" అన్నది. నేనేం చూశాను. చివరికి అక్క గ్లాసు, కంచం వేరే పెట్టి, ఒక తెల్లవారుజామున ఆమెను కూడా జీపెక్కించి అదే సిస్టర్ల దగ్గర దించి వచ్చారు. ఊరికి మాత్రం, భర్త సేవ కోసం బెంగుళూరు పోయిందని చెప్పారు. చుట్టాలలో ఆమె రోగం తెచ్చిన మనిషి అయింది. ఊళ్ళో పతివ్రత అయింది. ఒకే మనిషి, ఒకే ఏడాది.

వాళ్ళకు బట్టలు, పండ్లు తీసుకుపోవాలంటే ఎవరో ఒకరు పోవాలి. మా అత్త పోదు. అక్క అన్నదమ్ములు మేము పోము అన్నారు. మా ఆయన గేటు దాకా వస్తాడు కానీ లోపల అడుగుపెట్టడు. అందుకని నేను పోయేదాన్ని. మైదుకూరు దాటినాక బస్సు దిగి, తుమ్మచెట్ల మధ్య మట్టిదారిన నడవాలి. బస్సులో ఎవరైనా యాడికి పోతాండావమ్మా అంటే నిమ్మతోటకు అని చెప్పాలని నేర్చుకున్నాను. ఆ దారిన దిగే వాళ్ళందరూ నిమ్మతోటకే పోతున్నామనేవాళ్ళు. అక్కడ నిమ్మచెట్లు నాలుగైతే ఉండేవి.

మధ్యలో ఇసుక పరిచిన వాకిలి, దానికి ఒక పక్క ఆడవాళ్ళ వార్డు, ఎదురుగా మగవాళ్ళ వార్డు, తలవైపున చిన్న ప్రార్థన గది. ఫినాయిలు వాసన, గంజి వాసన, వాటి కింద ఇంకో వాసన, అది ఎంత కడిగినా పోయేది కాదు. సిస్టర్లు ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు, అందరూ కేరళ వాళ్ళు. వాళ్ళలో పెద్ద సిస్టరుకు వచ్చిన తెలుగంతా రోగుల దగ్గర నేర్చుకున్నదే. దప్పి, మంట, ఆయాసం, దుప్పటి లాంటి మాటలు మనలాగే పలికేది కానీ, తిరునాళ్ళ, పెళ్ళి లాంటి మాటలు ఆమెకు తెలియవు. ఆమె కొత్తగా వచ్చినప్పుడు, 'ఇంటికి' అంటే ఏదో నొప్పి పేరు అనుకుందట, అందరూ జ్వరంలో అదే అంటుంటే. ఈ సంగతి ఆమే నవ్వుతూ నాకు చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

అక్క నన్ను చూడగానే మొదట అడిగింది నేను తెచ్చిన చీరకు గంజి ఎవరు పెట్టారని. మనిషి పుల్లలాగా అయిపోయింది, చేతుల నుంచి గాజులు వాటంతట అవే జారిపోతే తీసి దిండు కింద పెట్టుకుంది. నాలుక మాత్రం తగ్గలేదు. గోడ మీద శిలువను చూపించి, "ఈ దేవుడు గూడా దెబ్బలు తిన్నోడే, అందుకే మా మధ్యన ఉండాడు. మహానందీశ్వరుడు అట్ల కాదు, శానా తెలివిగలోడు. నేను అన్ని మునకలేసినా బిడ్డను ఇయ్యల్యా. ఇచ్చింటే ఆ బిడ్డ గూడా ఈ పక్క మంచంలోనే ఉండేది" అన్నది. ఓపిక ఉన్న రోజు తోటివాళ్ళకు తలలు దువ్వేది, అన్నం తినిపించేది. ఆ వార్డులో ఆమె చెయ్యని పని లేదు. కానీ వాకిలి దాటి ఎదురు వార్డులోకి ఒక్కసారి కూడా పోలేదు. వచ్చిన రోజు నుంచీ బావ రమ్మని కబురు చేస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే ఆయన మంచం కాళ్ళు కనిపించేవి. ఊళ్ళో జనం భర్త సేవ చేస్తున్న పతివ్రత అని చెప్పుకుంటున్న రోజుల్లో, ఆమె ఆయన ముఖం చూసి నెలలయింది.

ఒకసారి నేను పోయేసరికి పెద్ద సిస్టరు నన్ను వరండాలోనే ఆపింది. మా బావకు ఇంక ఎన్నో రోజులు లేవని, అక్కను ఒక్కసారి పిలుచుకురమ్మని చెప్పింది. నేను పోయి అక్క మంచం మీద కూర్చుని, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నములుతుంటే ఆమే అన్నది.

"ఏమ్మే, నన్ను పిలుచుకుపోను వచ్చినావా? వస్తా. ముందు ఆయప్పను వాళ్ళమ్మకు ఒక మాట చెప్పమను. ఈ రోగం నాది, నా పెండ్లాం తెచ్చింది కాదు అని. ఆ ఒక్క మాట చెప్పినాక పిలవమను. నేనే పోయి నోట్లో నీళ్ళు పోస్తా."

నేను ఆ ఇసుక వాకిలి దాటి బావ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన కండ్లు మూసుకుని విన్నాడు. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి. న్యాయమే కదమ్మా, చెప్తా అన్నాడు. ఆఫీసు గదిలో ఫోను ఉండేది. పెద్ద సిస్టరు, నేను పట్టుకుని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అక్కడికి మోసుకుపోయాము. ఇంటికి ఫోను కలిపి, రిసీవరు సిస్టరే ఆయన చెవికి పెట్టి పట్టుకుంది. అటువైపు నుంచి మా అత్త ఏడుపు నాకు కూడా వినిపిస్తున్నది. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత, "అమ్మా, తిన్నావా?" అన్నాడు. వాన పడిందా అని అడిగాడు. చెనిక్కాయలు పెరికినారా అని అడిగాడు. పెదవులు ఇంకేదో అనడానికి కదిలాయి. "ఉంటా మా" అని తల పక్కకు తిప్పేశాడు. సిస్టరు ఫోను పెట్టేసింది. మోసుకొచ్చి పడుకోబెట్టాక ఆయన నా వైపు చూడకుండా, "ఏడుస్తాంది. ఎట్ల చెప్పేదమ్మా?" అన్నాడు.

ఆ వాకిలి తిరిగి దాటడం నా బతుకులో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. అక్క దువ్వెన చేతిలో పట్టుకుని పక్క మంచం ఆమె వెనక కూర్చుని ఉంది. నా ముఖం చూసింది.

"తిన్నావా అని అడిగింటాడు" అన్నది.

నేను తలూపాను. ఆమె దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలు తీసి, ఉండ చుట్టి కిటికీలోంచి పారేసి, మళ్ళీ తల దువ్వడం మొదలుపెట్టింది.

ఆ వారం తిరగకముందే బావ పోయాడు. మా ఆయన, నేను పోయాము. మాలో పూడ్చడమే ఆనవాయితీ, మామగారిని మా తోటలోనే పూడ్చారు, ఆయన పక్కన బావకు చోటు కూడా ఉంది. కానీ బెంగుళూరులో చనిపోయిన మనిషిని కడప దారి నుంచి ఎట్లా తీసుకొస్తారు? సిస్టర్ల స్థలంలోనే, శిలువల వరస చివర గుంత తీయించారు. గుంత తీసినతను గుర్తుకు ఏం పెట్టమంటారని అడిగితే మా ఆయన నీ ఇష్టం అనేశాడు. అతనే ఒక రాయి తెచ్చి పెట్టాడు. శవాన్ని వాకిలి మీదుగా తీసుకుపోతున్నప్పుడు అక్క కిటికీ రెక్క మూయలేదు, బయటికీ రాలేదు. నేను వెనక్కి తిరిగి చూస్తే రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. బెంగుళూరులోనే పూడ్చామని, అక్క దిగులుతో మంచం పట్టి అక్కడే ఉందని చెప్పి, ఊళ్ళో పదకొండో రోజు ఘనంగా చేశారు. బావ ఫోటోకు మల్లెపూల దండ వేసి, ఊరందరికీ భోజనాలు పెట్టారు.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక నేను మా అత్త దగ్గర కూర్చున్నాను. ఆమె చాటలో విత్తనం చెనిక్కాయలు ఒలుస్తున్నది. అక్క అడిగిన మాట, బావ ఫోనులో చెప్పలేకపోయిన మాట, ఒకటీ దాచకుండా చెప్పాను. ఆమె ఒలవడం ఆపలేదు.

"నాకు తెల్దనుకుంటాండావా పాపా? నా కడుపున పుట్టినోడు. వాని నడత పెండ్లికి ముందే నాకు తెల్సు."

మరి అక్క మీద ఎందుకు వేసినావత్తా అని అడిగాను.

"వాని మీద ఏసుకుంటే నేనెట్ల బతికేది? ఆయమ్మి పరాయి బిడ్డ. మోస్తాదిలే అనుకున్నా" అన్నది.

తర్వాత నేను అక్క దగ్గరికి పోయినప్పుడు, అత్తకు అన్నీ తెలుసంట అని చెప్పాను. ఆమెకు కొంత ఊరట కలుగుతుందనుకున్నాను. ఆమె ఆయాసం మధ్యలో ఆగి ఆగి, "నీకు చెప్తే ఏమొస్తాది? నా మీద నలుగురికి చెప్పింది కదా. నా ఎదురుగా నిలబడి నాకు చెప్పమను" అన్నది. ఆ కబురు మోసుకుని మళ్ళీ ఊరికి పోయాను. మా అత్త రెండు మూడు వారాలు విననట్టే ఉండి, ఒక రోజు తనంతట తానే, పోదాం పా అన్నది. బయలుదేరే రోజు పొద్దున నేను లేచేసరికి వంటింట్లో కెలుకుడు కర్ర చప్పుడు. చూస్తే ఆమె సంగటి చేస్తున్నది. తన పొయ్యి మీద, తన చేతులతో. చెనిక్కాయలతో ఊరిబిండి నూరి, రెండూ టిఫిన్ డబ్బాలో సర్ది, ఆ దూరమంతా కారులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గేటు లోపల కారు ఆగింది. నేను దిగి తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె దిగలేదు. "కాళ్ళు రావడం లేదు పాపా. నువ్వు ఇచ్చిరాపో" అని డబ్బా నా చేతికిచ్చింది. ఎంత బతిమాలినా కదలలేదు. లోపలికి పోయి డబ్బా మూత తీసేసరికి అక్క ముఖం ఒక్క క్షణం మారింది. సంగటి వాసన కదా. ముద్ద వేలితో నొక్కి చూసి, "ఉండలు కట్టింది. ఆయమ్మకు కెలకడం రాదు" అన్నది. ఆ వెంటనే, "మాట తెచ్చినావా?" అన్నది. గేటు దగ్గరే కారులో ఉందని చెప్పాను.

ఆమె లేచింది. పక్క తిరగడానికే మనిషి సాయం కావలసిన మనిషి. చీర సర్దుకుని, నా భుజం, సిస్టరు భుజం పట్టుకుని, వరండా దాకా నడిచి స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. మధ్యలో ఆ ఇసుక, దాని మీద ఎండ. కారు కిటికీలో మా అత్త ముఖం స్పష్టంగా కనిపిస్తున్నది. ఇద్దరూ చూసుకున్నారు. అక్క పిలవలేదు, చెయ్యి ఎత్తలేదు, ఊరికే నిలబడింది. మా అత్త కొంగు తీసి ముఖం మీద కప్పుకుంది. డ్రైవరుతో ఏమన్నదో మాకు వినిపించలేదు. కారు వెనక్కి తిరిగి గేటు దాటిపోయింది. నేను అక్కడే ఉన్నానన్న సంగతి కూడా ఆమెకు గుర్తు రాలేదు. ఆ రోజు నేను బస్సులో ఇంటికి పోయాను.

దుమ్ము అణిగిందాకా అక్క నిలబడే ఉంది. తర్వాత, "ఆ సంగటి ఎవరికన్నా పెట్టు మ్మే, సల్లారి రాయయితాది" అని లోపలికి తిరిగింది. ఆమె ఒక్క ముద్ద కూడా నోట పెట్టలేదు. వార్డులో కడప వైపు ఆడవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. నెలల తరబడి గంజి తాగి తాగి ఉన్నారేమో, వాళ్ళు సంగటిని ఊరిబిండిలో అద్దుకుని ఎంత ఇష్టంగా తిన్నారో చెప్పలేను. ఒకామె డబ్బా అంచులు వేలితో నాకుతూ, ఇది చేసిన తల్లి సల్లగుండల్ల అని దీవించింది. అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

ఆ తర్వాత ఆమె ఎన్నో రోజులు లేదు. చివరి రోజుల్లో జ్వరంలో కూడా 'ఇంటికి' అనలేదని పెద్ద సిస్టరు ఆశ్చర్యపోయి నాతో చెప్పింది. ముందే ఒక సంగతి మాత్రం చెప్పిపెట్టిందట, ఆయన పక్కన వద్దు అని. నిమ్మచెట్ల అవతల, గోడవారగా పూడ్చారు. మా ఇంటి నుంచి నేనొక్కదాన్నే ఉన్నాను. పూడ్చే ముందు ఆమె నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేయడానికి నాకు సిస్టర్లు దగ్గరుండి సాయం చేశారు. అదయిన కొద్ది కాలానికే సర్కారు ఆసుపత్రుల్లో దానికి మందులు ఊరికే ఇస్తున్నారని పేపర్లో పడింది. మా ఆయన అది చదివి, పేపరు మడిచి, నాకు అందకుండా బీరువా మీద పెట్టాడు. నేను అప్పటికే చదివేశాను.

మా అత్త చాలా ఏళ్ళు బతికింది, నిండు వయసులో పోయింది. ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. సంగటి కూడా మళ్ళీ చేయలేదు. పోయే ముందు ఆమె చేయించిన పని ఒకటుంది. బావ, అక్కల పెళ్ళి ఫోటో పెద్దది చేయించి, ఊళ్ళో ఇంటి నడిమింట్లో తగిలించింది. ఫోటోలో అక్క తల వంచుకుని ఉంది, ఆమె తల వంచుకుని ఉండగా నేను చూసింది ఆ ఫోటోలోనే. ఇప్పుడు ఆ ఇంటికి కొత్తకోడలు ఎవరొచ్చినా మొదట ఆ ఫోటోకు మొక్కిస్తారు. పెద్దనాన్నకు కిడ్నీలు పోతే పెద్దమ్మ సేవ చేసి చేసి, ఆ దిగులుతోనే వెనకాలే పోయిందని, అంతటి పతివ్రత అని చెప్పి మొక్కిస్తారు. మా చిన్నవాడి పెళ్ళప్పుడు నేను ఉండబట్టలేక నా కొడుకుతో, కోడలితో జరిగిందంతా చెప్పాను. కోడలు మంచి పిల్ల, కండ్లనీళ్ళు పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడెందుకత్తా అవన్నీ? మంచి పేరే కదా ఉండాది ఆమెకు" అన్నది.

కాలం గడిస్తే నిజం దానంతట అదే బయటికొస్తుందని బళ్ళో పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. నేను చూసినంతలో కాలం చేసే పని వేరే ఉంది. అది తెలిసినవాళ్ళను ఒక్కొక్కరినీ తీసుకుపోతుంది, తెలియనివాళ్ళను ఒక్కొక్కరినీ ఇంటికి తెస్తుంది.